ఆఖరి మాట ఎవరిది?

పి.వి. రాజమన్నారు స్మారకోపన్యాసం, ఉద్దనపల్లి

1969 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం కేంద్ర, రాష్ట్ర సంబంధాలను పరిశీలించమని ముగ్గురితో ఒక సంఘం వేసింది. ఢిల్లీ చెప్పకుండా ఒక రాష్ట్రం తనంతట తానే ఇలాంటి పనికి పూనుకోవడం దేశంలో అదే మొదలు. డీఎంకే గద్దెనెక్కి అప్పటికి రెండేళ్లు దాటింది. అన్నాదురై పోయి ఇంకా ఏడాది కాలేదు. ముఖ్యమంత్రి కుర్చీలో కరుణానిధి కుదురుకుంటున్నారు. తమిళమే ఊపిరిగా పుట్టిన ఆ పార్టీ సంఘానికి అధ్యక్షుడిగా ఏరికోరి తెచ్చుకున్నది ఒక తెలుగువాణ్ణి: పాకాల వెంకటరమణరావు రాజమన్నారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు మద్రాసు విశ్వవిద్యాలయాన్ని పాతికేళ్లకు పైగా నడిపిన ఎ. లక్ష్మణస్వామి మొదలియార్. రెండోవారు మొదట ఆంధ్రప్రదేశ్‌లో, తర్వాత మద్రాసులో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి. చంద్రారెడ్డి. ముగ్గురిలో ఇద్దరు తెలుగువారన్నమాట. రాష్ట్రాల స్వయంప్రతిపత్తి అనగానే అది తమిళుల గొడవ అని పక్కకు నెట్టే తెలుగువాళ్లు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

రాజమన్నారు (1901–1979) 1948 నుంచి 1961 దాకా మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. తెలుగు సాహిత్యలోకానికి మాత్రం ఆయన ‘తప్పెవరిది’ నాటక రచయిత, ‘కళ’ పత్రిక సంపాదకుడు. బళ్లారి రాఘవ ఆ నాటకంలో వేషం కట్టారు. కేంద్ర సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షుడూ ఆయనే. వీటన్నిటికన్నా ఇక్కడ పనికొచ్చేది మరో పదవి. నాల్గవ ఆర్థిక సంఘానికి అధ్యక్షుడిగా 1965లో నివేదిక ఇచ్చింది రాజమన్నారే. పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చడానికి రాజ్యాంగం పెట్టిన సంస్థ అది. రాజ్యాంగంలో ఎక్కడా పేరు కూడా లేని ప్రణాళికా సంఘం మరోపక్క రాష్ట్రాలకు డబ్బు పంచుతూ ఉండేది. ఆ తంతు దగ్గరుండి చూసిన మనిషికి, అధికారాల పంపకం పాఠం పుస్తకంలో చదివి నేర్చుకోవలసిన అవసరం లేకపోయింది.

1971లో వచ్చిన ఆయన నివేదిక మెత్తగా లేదు. రాష్ట్ర ప్రభుత్వాలను రద్దుచేసే 356వ అధికరణాన్ని తీసేయమంది. కేంద్ర, ఉమ్మడి జాబితాల్లోని కొన్ని అంశాలను రాష్ట్ర జాబితాకు మార్చమంది. ఏ జాబితాలోనూ లేని మిగులు అధికారాలు రాష్ట్రాలకే ఉండాలంది. అఖిల భారత సర్వీసులు వద్దంది. అంతర్రాష్ట్ర మండలిని వెంటనే పెట్టమంది. 1974లో తమిళనాడు శాసనసభ దీన్ని ఆధారం చేసుకుని తీర్మానం చేసింది. ఢిల్లీ పట్టించుకోలేదు. 1976 జనవరి 31న అదే 356వ అధికరణాన్ని వాడి కరుణానిధి ప్రభుత్వాన్ని ఇంటికి పంపింది. ఆ తర్వాత పన్నెండు నెలలు తిరక్కుండానే 42వ సవరణతో విద్య, అడవులు, అడవి జంతువులు, తూనికలు కొలతలు, న్యాయపాలన (సుప్రీంకోర్టు, హైకోర్టులు మినహా) రాష్ట్ర జాబితా దాటి ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి. నివేదిక అడిగింది ఒక దిక్కు, జరిగింది దానికి ఎదురు దిక్కు.

అంతర్రాష్ట్ర మండలి మాత్రం చివరికి వచ్చింది. 1983లో ఇందిరాగాంధీ ప్రభుత్వం వేసిన సర్కారియా సంఘం కూడా అది కావాలంది. నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వం ఉండగా 1990 మే 28న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. ఆ ఫ్రంట్‌కు చైర్మన్ ఎన్.టి. రామారావు, మే 28 ఆయన పుట్టినరోజు. తేదీ కావాలని పెట్టారో, కాకతాళీయమో! 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ తనను గద్దె దించితే నెల తిరిగేసరికి మళ్లీ ఎక్కిన మనిషికి ఆ మండలి అవసరం ఇంకొకరు చెప్పాలా?

ఇదంతా హైదరాబాదు, చెన్నై, ఢిల్లీల కథ. ఇక్కడ ఉద్దనపల్లిలో, హోసూరు నుంచి రాయకోట పోయే దారి పక్కన, రాగిచేలూ టమాటా తోటలూ ఉన్న పల్లెలో, ఏడో షెడ్యూలు, అంటే రాజ్యాంగంలోని ఆ మూడు జాబితాలు, ఎలా కనిపిస్తుంది? రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు కేంద్ర జాబితాలో 97 అంశాలు, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47. చదివితే గట్టు వేసి పంచిన పొలాల్లా ఉంటాయి. నేల మీదికి వస్తే ఆ గట్లు చెరిగిపోతాయి. ఎవరి పేరున ఏముందనేది చిన్న సంగతి. రెండు చట్టాలు ఢీకొన్నప్పుడు ఆఖరి మాట ఎవరిదన్నదే అసలు లెక్క.

భూమి సంగతే చూడవచ్చు. 2023లో ఉద్దనపల్లి, అయర్నపల్లి, నాగమంగలం రైతులు రాష్ట్ర ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ సిప్‌కాట్ కొత్త పార్కు కోసం తమ భూములు తీసుకోవద్దని ఇక్కడే ధర్నాకు కూర్చున్నారు. సిప్‌కాట్ ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1971లో పుట్టిన ఆ ప్రభుత్వ సంస్థే హోసూరును మార్చేసింది. అశోక్ లేలాండ్, టీవీఎస్ వచ్చాయి, ఊళ్లోవాళ్లకు ఉద్యోగాలూ వచ్చాయి, ఆ మేలు కాదనేవాళ్లు తక్కువ. రైతుల అభ్యంతరం ఫ్యాక్టరీ మీద కాదు. బోరు కింద ఏడాదికి రెండు మూడు పంటలు తీసే నేలను ఎంచుకోవడం మీద.

ఆ నేలకు ఏ చట్టం వర్తిస్తుంది? భూమి రాష్ట్ర జాబితాలో 18వ అంశం. వ్యవసాయం 14వది, అదీ రాష్ట్రానిదే. పరిశ్రమలు 24వ అంశం, రాష్ట్రానిదే గాని కేంద్రం తనకు కావాలని చట్టం చేసుకున్నవి మినహా. తీరా భూసేకరణ దగ్గరికి వచ్చేసరికి అది ఉమ్మడి జాబితాలో 42వ అంశం. పార్లమెంటు 2013లో చేసిన భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం భూమి తీసుకునే ముందు ఊరి మీద ఎలాంటి దెబ్బ పడుతుందో సామాజిక ప్రభావ అంచనా వేయాలి, ప్రజల మాట వినాలి. నీటి వసతి ఉండి ఏటా ఒకటికి మించి పంటలు పండే భూమిని, వేరే గతి లేనప్పుడు తప్ప, ముట్టుకోరాదు. పల్లెల్లో మార్కెట్ ధరను రెండింతల దాకా పెంచి లెక్కగట్టి, దాని మీద మరో నూరు శాతం కలిపి ఇవ్వాలి.

తమిళనాడుకు అంతకు ముందే సొంత చట్టం ఉంది: పరిశ్రమల కోసం భూసేకరణ చట్టం, 1997. అందులో సామాజిక ప్రభావ అంచనా లేదు. ఎందుకు తీసుకోకూడదో చెప్పమని నోటీసు ఇస్తారు, అభ్యంతరాలు వింటారు, ఆపైన ప్రకటన వస్తుంది. ప్రకటన వెలువడ్డాక భూమి సర్కారుదే. ఉమ్మడి జాబితాలో రెండు చట్టాలు పొసగకపోతే పార్లమెంటు చట్టమే నిలుస్తుందని 254వ అధికరణం మొదటి భాగం చెబుతుంది. రెండో భాగంలో ఒక సందు ఉంది: రాష్ట్రం తన బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపి ఆమోదం తెచ్చుకుంటే, ఆ రాష్ట్రం వరకు దాని చట్టమే చెల్లుతుంది. తమిళనాడు ఆ దారే పట్టింది. కేంద్ర చట్టంలో 105-ఏ అనే సెక్షన్ చేర్చి, పరిహారం, పునరావాసం కేంద్ర చట్టం లెక్కల ప్రకారమే ఇస్తామంది. భూమి తీసుకునే పద్ధతి మాత్రం తమ పాత చట్టం ప్రకారమేనంది.

2019 జూలై 3న మద్రాసు హైకోర్టు ఆ దారి మూసేసింది. 2013 చట్టం పుట్టిన నాడే, అంటే 2013 సెప్టెంబరు 27న, తమిళనాడు పాత భూసేకరణ చట్టాలు మూడూ (1997 చట్టం వాటిలో ఒకటి) చచ్చిపోయాయని, 105-ఏ వాటికి ప్రాణం పోయలేదని తీర్పు. రాష్ట్రం చేతులు కట్టుకు కూర్చోలేదు. కొన్ని వారాల్లోనే ఆ చట్టాలను బతికిస్తూ కొత్త చట్టం చేసి, 2013 సెప్టెంబరు 26 నుంచే అది వర్తిస్తుందని రాసి, డిసెంబరులో రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంది. ఆ తేదీలో ఒక కిటుకు ఉంది. హైకోర్టు అవి చచ్చాయన్న తేదీకి ముందురోజే రాష్ట్ర చట్టాలు మళ్లీ బతికినట్టు లెక్క. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు ఈ ఏర్పాటు సరైనదేనంది.

రాష్ట్ర హక్కుల పక్షాన నిలబడే ఎవరైనా దీన్ని గెలుపుగానే చూస్తారు. రాజ్యాంగం ఇచ్చిన వెసులుబాటును రాష్ట్రం వాడుకుంది, కోర్టు కూడా ఒప్పుకుంది, తప్పేముంది? న్యాయశాస్త్రం ప్రకారం తప్పు లేదు. ఉద్దనపల్లి రైతు వైపు నుంచి చూస్తే ఆ గెలుపు మరోలా ఉంటుంది. ఢిల్లీ చట్టం అతనికి ఇచ్చిన రెండు రక్షణలు, ప్రభావ అంచనా, బహుపంట భూమికి మినహాయింపు, చెన్నై చట్టం నిలవడంతో పోయాయి. రాష్ట్రం స్వతంత్రంగా పొందిన అధికారం అతనికి కొత్త అధికారమేదీ ఇవ్వలేదు, ఉన్నది తగ్గించింది. దానికి ఆమోదముద్ర వేసింది కూడా ఢిల్లీయే. ఇద్దరి మధ్య రైతు పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క.

పంచాయతీ మాటేమిటి? 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాసింది. వ్యవసాయం, భూమి అభివృద్ధి, చిన్ననీటి వనరులు అన్నీ అందులో ఉన్నాయి. కానీ 243-జి అధికరణం ప్రకారం ఆ అధికారాలు పంచాయతీకి ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టం. గ్రామసభ తీర్మానం చేయవచ్చు, కలెక్టరుకు పంపవచ్చు. దాన్ని మన్నించి తీరాలని 1997 చట్టంలో లేదు. ఢిల్లీ తమను ఎలా చూస్తోందని రాష్ట్రాలు యాభై ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నాయో, సరిగ్గా అలాగే అవి తమ పంచాయతీలను చూస్తున్నాయి. ఇందులో తమిళనాడుకు ప్రత్యేకత ఏమీ లేదు, ఆంధ్ర, తెలంగాణల్లో సర్పంచులను అడిగినా ఇదే చెబుతారు.

ఏనుగుల కథ ఇంకో రకం. ఏటా రాగి కోతల కాలంలో బన్నేరుఘట్ట అడవుల నుంచి ఏనుగుల మందలు తళి, జవళగిరి, డెంకణీకోట మీదుగా సానమావు అడవికి వస్తాయి. పగలు అడవిలో, రాత్రి చేలో. కంకి పాలుపోసుకున్న రాగిచేనును తినేది కొంతయితే తొక్కేది అంతకు మించి. పొద్దున్నే రైతు ఫోన్ చేసేది రాష్ట్ర అటవీశాఖ గార్డుకు. పరిహారం ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. కానీ ఆ ఏనుగును కాపాడే చట్టం పార్లమెంటుది, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. అప్పట్లో అడవి జంతువులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి పార్లమెంటు సూటిగా చట్టం చేయలేకపోయింది. 252వ అధికరణం కింద పదకొండు రాష్ట్రాల శాసనసభలు మా బదులు మీరు చేయండని తీర్మానించాకే చేసింది. నాలుగేళ్లు గడిచాక ఆ అడగవలసిన పని కూడా లేకుండా 42వ సవరణ అడవినీ, ఏనుగునూ ఉమ్మడి జాబితాకు తోలేసింది. ప్రమాదకరమైన ఏనుగును పట్టడానికి ఉత్తర్వు ఇవ్వవలసిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాష్ట్ర అధికారి, కానీ ఆయన వచ్చేది రాజమన్నారు వద్దన్న అఖిల భారత సర్వీసుల్లో ఒకటైన ఫారెస్టు సర్వీసు నుంచి.

ఇక్కడ మాత్రం కేంద్రం చెయ్యి ఉండటం మంచిదేనని ఒప్పుకోవాలి. ఏనుగుకు సరిహద్దు తెలియదు. కర్ణాటకలో బయల్దేరి, తమిళనాడు దాటి, కుప్పం వైపు ఆంధ్రలోకీ పోతుంది. మూడు రాష్ట్రాలు మూడు చట్టాలు చేసుకుంటే నష్టపోయేది ఏనుగూ రైతూ ఇద్దరే. రాష్ట్ర జాబితా నుంచి పోయిన ప్రతి అంశాన్నీ పాత చోటికి తెచ్చేయాలనడం వినడానికి బాగుంటుంది, సానమావులో మాత్రం పని జరగదు.

దీనికి పూర్తి విరుద్ధం విమానాశ్రయం. 2024 జూన్ 27న ముఖ్యమంత్రి స్టాలిన్ హోసూరులో 2000 ఎకరాల్లో, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణించేలా విమానాశ్రయం కడతామని శాసనసభలో ప్రకటించారు. విమానాశ్రయాలు కేంద్ర జాబితాలో 29వ అంశం. పైగా దేవనహళ్లిలో బెంగళూరు విమానాశ్రయం కట్టిన సంస్థతో 2004లో కేంద్రం చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. అది తెరిచిన నాటి నుంచి 25 ఏళ్లపాటు 150 కిలోమీటర్ల లోపల మరో కొత్త విమానాశ్రయానికి అనుమతి ఇవ్వరాదు. అది తెరిచింది 2008లో. బెళగొండపల్లిలో ఒక ప్రైవేటు కంపెనీ రన్‌వే ఇప్పటికే ఉంది, అయినా హోసూరుకు రెగ్యులర్ విమానం లేదు. రెండు రాష్ట్రాల సరిహద్దు పక్క పట్నం భవిష్యత్తును, ఆ రెండు రాష్ట్రాల్లో ఒకటి కూడా కాని ఢిల్లీ మంత్రిత్వశాఖ ఒక కంపెనీతో రాసుకున్న కాగితం కట్టేసింది. తమిళనాడు గొంతు పెంచడంలో న్యాయం ఉంది.

అన్నిటికన్నా సున్నితమైంది బడి, ఆ కథ రాష్ట్రాల సరిహద్దు గీత దగ్గర మొదలవుతుంది. రాష్ట్రాల ఏర్పాటు పార్లమెంటు చేతిలో ఉంది. 3వ అధికరణం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగమంటుందే గాని ఒప్పుదల తీసుకోమనదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిప్పికొట్టినా తెలంగాణ ఏర్పడింది అందుకే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నది హోసూరు పక్కన తొరపల్లిలో పుట్టిన రాజాజీ. 1959 చట్టంతో తిరుత్తణి మద్రాసుకూ, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకూ పోయాయి. హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోయారు. గీత వాళ్లను దాటి పోయింది.

అలాంటి వాళ్ల కోసమే 1956లో 7వ సవరణ 350-ఏ, 350-బి అధికరణాలను చేర్చింది. భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలి, అవసరమైతే రాష్ట్రపతి ఆదేశాలివ్వవచ్చు, పర్యవేక్షణకు ఒక ప్రత్యేకాధికారి ఉండాలి. మాట ఘనంగా ఉంది. 2006లో తమిళనాడు తమిళం నేర్చుకునే చట్టం చేసినప్పుడు అది ఎంత పనిచేసిందో తేలింది. 2006–07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి చేసుకుంటూ 2015–16కల్లా పదో తరగతికి చేరారు. అంతదాకా తెలుగు మొదటి భాషగా చదివి పరీక్ష రాసే వెసులుబాటు ఉన్న పిల్లలకు తెలుగు ఐచ్ఛికంగా మిగిలింది. రాష్ట్రపతి నుంచి ఆదేశం రాలేదు. తల్లిదండ్రులూ సంఘాలూ కోర్టులకు వెళ్లారు. 2016 పరీక్షకు హైకోర్టు మినహాయింపు ఇచ్చింది, 2023లో సుప్రీంకోర్టు ఇంకో ఏడాది ఇచ్చింది. ఏటా పరీక్షల ముందు పిల్లవాడు పుస్తకం తెరిచేముందు కోర్టు వార్త కోసం చూడటం ఏం చదువు?

తమిళనాడును తిట్టిపోయడం సులువు. తెలంగాణ 2018లో బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం చేసినప్పుడు తెలుగువాళ్లు చప్పట్లు కొట్టారు. అక్కడి ఉర్దూ, మరాఠీ, కన్నడ పిల్లల గురించి ఎందరు ఆలోచించారు? దొందూ దొందే. తన భాషను ఢిల్లీ నుంచి కాపాడుకోవడానికి రాష్ట్రం అడిగే అధికారమే, తన లోపలి చిన్న భాషల మీదికి తిరుగుతోంది. రాజమన్నారు సంఘం ముందు పెట్టిన ప్రశ్న ఢిల్లీ, మద్రాసుల మధ్య పంపకం గురించినది. మద్రాసుకూ, మద్రాసులో తెలుగు మాట్లాడే పల్లెకూ మధ్య పంపకం ఆ ప్రశ్నలో ఇమడలేదు.

గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. తమిళనాడు శాసనసభ ఆమోదించిన పది బిల్లులను గవర్నర్ ఏళ్లతరబడి ఆపితే, 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు అవి ఆమోదం పొందినట్టేనంది. అదే ఏడాది నవంబరు 20న రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ రాజ్యాంగ ధర్మాసనం, గవర్నర్లకూ రాష్ట్రపతికీ కోర్టు గడువులు విధించజాలదని, ఆమోదం పొందినట్టు భావించడం కుదరదని తేల్చింది. ఈ మధ్యలో, 2025 ఏప్రిల్ 15న, స్టాలిన్ రాజమన్నారు అడుగుజాడల్లో మరో సంఘాన్ని ప్రకటించారు. అధ్యక్షుడు సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కురియన్ జోసెఫ్. రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు తరలిన అంశాలను వెనక్కి తేవడమెలాగో చెప్పడం దానికి అప్పగించిన పనుల్లో ఒకటి. విద్య అందులో మొదట వినిపించే పేరు. వైద్యవిద్య ప్రవేశపరీక్ష నీట్ మీది గొడవ వల్ల తమిళనాడులో ఆ డిమాండుకున్న బలం తక్కువది కాదు. రేపు విద్య రాష్ట్ర జాబితాకే వచ్చిందనుకున్నా 350-ఏ అక్కడే ఉంటుంది, దాని కింద ఆదేశం ఇవ్వగలిగింది రాష్ట్రపతి ఒక్కరే. ఉద్దనపల్లిలో పిల్లవాణ్ణి తెలుగులో చదివించాలనుకునే తండ్రి అప్పుడు కూడా చెన్నైని దాటి ఢిల్లీకే అర్జీ రాసుకోవాలి.